మ్యూజియం యాత్రలో పిల్లలు ఎన్ని బొమ్మలు చూడాలి?

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక బడిలో చిత్రకళ నేర్పుతున్నాను. ఏటా పిల్లలను ఇక్కడి జాతీయ మ్యూజియమైన రైక్స్‌మ్యూజియానికీ, డచ్ చిత్రకారుడు వాన్ గోహ్ బొమ్మలుండే వాన్ గోహ్ మ్యూజియానికీ వెంటబెట్టుకుని వెళ్ళడం నా ఉద్యోగంలో భాగం. యాత్ర దగ్గరపడేసరికి తల్లిదండ్రులు, ముఖ్యంగా ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చిన మన తెలుగువాళ్ళు, అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కాబట్టి వాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: అంత పెద్ద మ్యూజియానికి వెళ్ళాక అన్నీ చూసి రావాలి.

వాస్తవం: రైక్స్‌మ్యూజియంలో 80 గదుల్లో సుమారు 8,000 కళావస్తువులు ప్రదర్శనలో ఉంటాయి. ఒక్కోదానికి అర నిమిషం చొప్పున ఆగకుండా చూసినా 66 గంటలు దాటుతుంది. పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అపోహే. మొదటి ఏడాది నేనూ దీన్ని నమ్మి, 24 ప్రశ్నల వర్క్‌షీట్ చేతికిచ్చి పంపాను. పిల్లలు బొమ్మ వైపు తల ఎత్తకుండా, పక్కనున్న చీటీలోని పేరూ సంవత్సరమూ ఎక్కించుకుని తరవాతి గదికి పరుగెత్తారు. మర్నాడు తరగతిలో ఏ బొమ్మలో ఏముందని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ వర్క్‌షీట్ మళ్ళీ వాడలేదు.

ఇప్పుడు మూడే చిత్రాలు చూపిస్తాను. అందులో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1642లో పూర్తిచేసిన ‘నైట్ వాచ్’ (రాత్రి కాపలా) అనే నగర రక్షక దళం బొమ్మ ముందు ఇరవై నిమిషాలు నేలమీద కూర్చోబెడతాను. మొదటి ఐదు నిమిషాలు కదులుతారు, గుసగుసలాడతారు. ఆ తరవాత ఒక్కొక్కటే కనబడడం మొదలవుతుంది. డప్పు వాయించేవాణ్ణి చూసి మొరిగే కుక్క, పసుపు గౌను పిల్ల నడుముకు తలకిందులుగా వేలాడుతున్న చచ్చిన కోడి, ముందుకు చాచిన కెప్టెన్ చేయి పక్కనున్న లెఫ్టినెంట్ లేత పసుపు కోటు మీద వేసిన నీడ. నీడ అంత స్పష్టంగా పడిందంటే అది రాత్రి కాదని పిల్లలే తేలుస్తారు. నిజమే, అది పగటి దృశ్యం. కాలక్రమంలో వార్నిష్ నల్లబడడం వల్ల ఆ పేరు స్థిరపడిపోయింది. 1715లో పురమందిరం గోడకు పట్టలేదని నాలుగు అంచులూ కోసేశారన్నప్పుడు వాళ్ళ ముఖాల్లో కనిపించే బాధ ఏ వర్క్‌షీటూ తెప్పించలేదు.

ఇలా కూర్చుని చూడడం కాలం వృథా అని భావించేవారికి వాన్ గోహ్ సంగతి చెబుతాను. 1885లో రైక్స్‌మ్యూజియం ఇప్పటి భవనం తెరిచిన కొద్ది నెలలకే ఆయన ఇక్కడికి వచ్చి, రెంబ్రాంట్ గీసిన ‘యూదు వధువు’ ముందు నుంచి కదలలేదు. ఎండు రొట్టె ముక్కతో రెండు వారాలు దాని ముందే కూర్చోనిస్తే తన ఆయుష్షులో పదేళ్ళు ఇచ్చేస్తానన్నాడని వెంట వచ్చిన మిత్రుడు గుర్తుచేసుకున్నాడు.

మిగిలినవి క్లుప్తంగా. పిల్లలకు ప్రవేశం ఉచితమే. అయినా టికెట్, వాన్ గోహ్ మ్యూజియానికైతే ఫలానా వేళకు స్లాట్ ముందే తీసుకోవాలి, బడి బృందాలకు బుకింగ్ వేరు. ‘ఉచితం కదా, నేరుగా వెళ్ళిపోవచ్చు’ అని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మి గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగిన కుటుంబాలను చూశాను. తెలిసీ తెలియని మాటలు దయచేసి ముందుకు పంపకండి. బొమ్మలు గీసుకోవడం నిషేధం కాదు, పెన్సిల్ తెచ్చుకుంటే చాలు. నగ్న చిత్రాల గురించి మీరు పడే సంకోచం నాకు అర్థమవుతుంది. ఏ గదుల్లోకి వెళ్తామో ముందే చూసుకుని వస్తాను, అడిగితే చెబుతాను.

ఇక, పిల్లవాడికి కళాచరిత్ర ఏమీ తెలియదన్న దిగులు. కిందటేడు ఒక తల్లి, తన కొడుక్కి బొమ్మలంటే ఏమీ తెలియదనీ, అందరిలో చిన్నబోతాడేమోననీ కన్నీళ్ళతో అడిగారు. లెఫ్టినెంట్ కోటు మీది నీడను ఆరోజు అందరికంటే ముందు పట్టుకున్నది ఆ అబ్బాయే. రాత్రి ఆవిడ ఫోన్ చేశారు. ఇంట్లోవాళ్ళందరినీ టేబుల్ లైటు ముందు వరసగా నిలబెట్టి, ఎవరి చేతి నీడ ఎవరి చొక్కా మీద పడుతోందో వాడు చూసుకుంటున్నాడట.