చెక్క పలక పరుపెలా అయింది?

బైకు జారింది. పడ్డవాడు లేవలేకపోతున్నాడు. చుట్టూ చేరినవాళ్లలో ఒకరు చంకల కింద చేతులు వేస్తారు, ఇంకొకరు కాళ్లు పడతారు, ఆటో వెనక సీట్లో మడిచి కూర్చోబెడతారు. అంతా సాయం చేయాలన్న ఆరాటమే. కానీ మెడలోనో నడుములోనో వెన్నుపూస విరిగి, పూసల్ని పట్టి ఉంచే లిగమెంట్లు కూడా తెగి ఉంటే, ఆ కుదుపుకి పూస పక్కకి జరగొచ్చు. లోపలున్న వెన్నుపాము మన చిటికెన వేలంత మందమే. అది నలిగితే కాళ్లు చచ్చుబడతాయి. మెడ పైభాగంలో నలిగితే ఊపిరే ఆగొచ్చు. డాక్టర్లు ‘అన్‌స్టేబుల్ స్పైన్’ అనేది ఇలాంటి దెబ్బనే.

ఇలాంటివాళ్లని ఎలా కదిలించాలన్న వాదన దాదాపు అరవై ఏళ్లుగా నడుస్తోంది. మొదలైంది అమెరికాలో. 1960ల్లో అక్కడి అంబులెన్సుల్లో దాదాపు సగం అంత్యక్రియలు చేయించే సంస్థలే నడిపేవి. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లేంత పొడుగు బండ్లు వాళ్ల దగ్గరే ఉండేవి మరి! 1966లో అక్కడి నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నివేదిక ఈ దుస్థితిని బయటపెట్టింది. ఆ వెంటనే 1967, 68ల్లో జె.డి. ఫారింగ్టన్ అనే సర్జన్, నుజ్జయిన కారులోంచి మనిషిని ఎలా తీయాలో వరసగా రాశాడు. ముందు మెడకి, అది కదలకుండా పట్టి ఉంచే కాలర్. వీపు వెనక పొట్టి పలక. ఆ తర్వాత పొడుగు పలక మీదకి జారించి బయటికి లాగడం. అంటే ఆ పలక పుట్టిందే బయటికి లాగడానికి.

తర్వాత జరిగిందే చిత్రం. బయటికి లాగాక పలకని తీసేయాలని ఎవరికీ తట్టలేదు. యాక్సిడెంట్ అంటే చాలు, కాలర్ వేసి, పలకకి బెల్టులతో బిగించి, అలాగే ఆస్పత్రిలో గంటల తరబడి ఉంచడం రూలైపోయింది. పరీక్ష చేసి పెట్టిన రూలు కాదది. ‘కట్టకపోతే కేసు పడుతుందేమో’ అన్న భయం కూడా దాన్ని బాగానే మోసింది.

పలక గట్టిది, వెన్నేమో వంపులున్నది. 1994లో ఏ దెబ్బా లేని 21 మందిని అరగంటసేపు దాని మీద కట్టి పడుకోబెడితే, ఒక్కరూ మిగలకుండా అందరికీ నొప్పి వచ్చింది. స్పర్శ పోయిన మనిషికి ఆ నొప్పి కూడా తెలియదు. వెనక జేబులో తాళాల గుత్తి మర్చిపోతే చాలు, అక్కడ పుండు పడుతుంది.

1998లో హాస్వాల్డ్ బృందం పెద్ద దుమారమే రేపింది. మలేసియాలోని కౌలాలంపూర్‌లో ఏ కట్టూ లేకుండా ఆస్పత్రికి వచ్చిన 120 మందినీ, అమెరికాలోని న్యూమెక్సికోలో పద్ధతిగా కట్టి తెచ్చిన 334 మందినీ పోల్చి చూశారు. నరాల వైకల్యం కట్టి తెచ్చినవాళ్లలోనే ఎక్కువ! దారిలోనే చనిపోయినవాళ్లు ఈ లెక్కలో లేరు, దెబ్బలూ ఒకేలాంటివి కావు. అందుకని ఈ ఒక్కదాన్ని పట్టుకుని కట్లన్నీ విప్పేయమనలేం. కానీ ఇలా కట్టడం వల్ల అసలు మేలుందా అన్న ప్రశ్న అందరి ముందుకూ వచ్చింది. 2010లో కత్తిపోట్లు, తుపాకీ గాయాలైన 45 వేల మందికి పైగా రికార్డులు తిరగేస్తే, కట్టి తెచ్చినవాళ్లలో మరణాలు రెట్టింపు కనిపించాయి. రక్తం కారిపోతున్న మనిషికి బెల్టులు బిగించే నిమిషాలే ప్రాణాంతకం అయ్యాయని అనుమానం. చివరికి 2013లో అమెరికా సర్జన్ల కాలేజీలో ప్రమాద గాయాలు చూసే ట్రామా కమిటీ, అంబులెన్సు వైద్యుల సంఘం కలిసి, దెబ్బ తగిలిన ప్రతి ఒక్కరినీ పలకకి కట్టనక్కర్లేదన్నాయి. 2018కి మాట కూడా మారింది: కదలకుండా బిగించడం పోయి, కదలిక తగ్గించడం అయింది.

మనిషిని పక్కకి దొర్లించే ‘లాగ్ రోల్’ మీదా అనుమానాలు మొదలయ్యాయి. ఒకరు తల పట్టుకుని ‘ఒకటి, రెండు, మూడు’ అంటారు, మిగతావాళ్లు భుజం, నడుము, కాళ్లు ఒకేసారి తిప్పాలి. భుజం దగ్గరున్నాయన అరక్షణం తొందరపడితే మెడ మెలిపడుతుంది. తుంటి ఎముక విరిగి ఉంటే, లోపల అప్పుడే గడ్డకట్టిన రక్తం మళ్లీ కదులుతుంది. భౌతికకాయాల మీద చేసిన ప్రయోగాల్లో, ఆరుగురు అటూ ఇటూ నిలబడి కాస్త ఎత్తితే కాళ్ల వైపు నుంచి పలకని జారించే పద్ధతిలో వెన్ను తక్కువ కదిలింది. ఆరుగురు దొరకాలిగా అంటారా? ఆటో దగ్గర గుమిగూడేది అంతకంటే ఎక్కువమందే.

మన దగ్గర 108 హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. అంతకుముందు దిక్కు ఆ ఆటోలే. ఇప్పుడు ఇలాంటి పనికి స్కూప్ స్ట్రెచర్ ఉంది. నిలువునా రెండు ముక్కలుగా విడిపోతుంది. చెరో పక్క నుంచి ఒక్కో ముక్క వీపు కిందకి తోసి, తల దగ్గరా కాళ్ల దగ్గరా లాక్ వేస్తారు. మనిషిని దొర్లించే పనే ఉండదు. బండిలోని పరుపు మీదకి చేర్చాక, ఆ రెండు ముక్కల్నీ మళ్లీ విడదీసి బయటికి తీసేస్తారు.