హ్యాండిల్ ఎంత జోరుగా తిప్పినా స్వరం ఎందుకు మారదు?

మా మేనకోడలు ఎనిమిదో తరగతి. సెలవులకు మా ఇంటికొచ్చినప్పుడు, నేను నెల రోజులు కూర్చుని కూర్చిన చెక్క హర్డీ గర్డీని ఒళ్లో పెట్టుకుని హ్యాండిల్ ఒకసారి మెల్లగా, ఒకసారి గబగబా తిప్పి చూసింది. "మావయ్యా, మిక్సీ స్పీడ్ పెంచితే సౌండ్ సన్నబడుతుంది కదా, దీన్ని ఎంత తిప్పినా గట్టిగా వస్తుంది గానీ అదే స్వరం వస్తుందేంటి?" అని అడిగింది. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి మళ్లీ తిప్పాం. ముల్లు దాదాపు ఉన్నచోటే ఉంది. ఎంత మంచి ప్రశ్న! ఈ వ్యాసమంతా దానికి జవాబే.

హర్డీ గర్డీ అంటే కమాను బదులు చక్రం ఉన్న ఫిడేలు అనుకోండి. చెక్క పెట్టె మధ్యలో ఒక చక్రం, దాన్ని తిప్పడానికి చివర హ్యాండిల్, చక్రం అంచుకు రాసుకుంటూ తీగలు. ఒక తీగ మీద మీటలతో పాట వాయిస్తారు, మిగతా తీగలు మన తంబురాలా శ్రుతి పట్టుకుని ఉంటాయి. వీధుల్లో హ్యాండిల్ తిప్పితే దానంతట అదే పాట పాడే పెట్టెను కూడా కొందరు ఈ పేరుతోనే పిలుస్తారు, కానీ అది వేరే వాయిద్యం. అందులో గాలితిత్తులు, గొట్టాలు, మేకులు దిగ్గొట్టిన స్తంభం ఉంటాయి. అక్కడ హ్యాండిల్ జోరు పెంచితే పాట నడక మారుతుంది. మనది అది కాదు.

చరిత్ర పెద్దగా చెప్పను, ఒక్క శిల్పం గురించి మాత్రం చెప్పాలి. స్పెయిన్‌లో సాంతియాగో ద కంపోస్తెలా చర్చి ముఖద్వారం మీద 1188 నాటి శాసనం ఉంది. ఆ ద్వారం పైన శిల్పి మతేయో చెక్కించిన 24 మంది వృద్ధులు కూర్చుని ఉంటారు. వాళ్లలో సరిగ్గా మధ్యన ఉన్న ఇద్దరి ఒళ్లో ఒకే వాయిద్యం ఉంటుంది. ఒకరు హ్యాండిల్ తిప్పడానికి, ఇంకొకరు మీటలు లాగడానికి. హర్డీ గర్డీకి పూర్వీకురాలు అదే, పేరు ఆర్గనిస్ట్రమ్. తర్వాత అది చిన్నదై ఒక్కరి ఒళ్లోకి వచ్చింది. ఉక్రెయిన్‌లో దాన్ని లిరా అనేవాళ్లు, అంధ గాయకులు ఊరూరా తిరుగుతూ దాని మీద భక్తి గీతాలు పాడేవాళ్లు. ఫ్రాన్స్‌లో 18వ శతాబ్దంలో రాజదర్బారు దాకా వెళ్లింది.

ఇక కిట్. లేజర్‌తో కోసిన ప్లైవుడ్ పలకలు వస్తాయి, ముక్కల్ని వేలితో నొక్కి విడదీసుకోవాలి. పెట్టె తెరవగానే కాలిన చెక్క వాసన గుప్పుమంటుంది. కదిలే చోటల్లా కొవ్వొత్తి మైనం రుద్దాలి. మాది విశాఖ. సముద్రపు తేమకు ప్లైవుడ్ ఉబ్బి, మొదటి వారంలో మీటలు సగం ఇరుక్కుపోయాయి. ఈ మీటలకు స్ప్రింగులుండవు. కింది నుంచి వేలితో పైకి నొక్కితే లోపలి చిన్న చెక్క నాలుక తీగను తాకుతుంది, వేలు తీస్తే మీట తన బరువుకు తనే జారి కింద పడాలి. అది పడాలంటే సందులో నున్నదనం ఉండాలి. ఒక్కో మీటనూ సన్న గరుకు కాగితంతో రుద్ది, మైనం పట్టించి, వదిలితే టక్కుమని పడేదాకా సరిచేశాను. చక్రం కూడా పూర్తి గుండ్రంగా రాలేదు. వెంట్రుక మందం తేడా ఉన్నా ప్రతి చుట్టుకీ ఒకసారి వావ్, వావ్ అని శబ్దం ఉబ్బుతుంది. గరుకు కాగితాన్ని ఒక చెక్కముక్కకు అంటించి, అంచుకు ఆనించి పట్టుకుని, హ్యాండిల్ తిప్పుతూ పోతే ఎత్తుగా ఉన్న చోటే అరిగింది.

అన్నీ అయ్యాక, చక్రానికి రోజిన్ (ఫిడేలు కమానుకు పట్టు కోసం రాసే గట్టి బంక) రాసి మొదటిసారి తిప్పితే వచ్చింది స్వరం కాదు, గీత. పలక మీద మేకు గీసినట్టు. అది సాయంత్రం ఆరున్నర. అమ్మ లోపల్నించి వచ్చి, "దీపాల వేళ ఇంట్లో ఆ ఏడుపేంట్రా, ఆపు" అంది. సంధ్యవేళ ఇంట్లో ఏడుపు వినిపించకూడదనే మాట మా ఇంట్లో బాగా పట్టింపు. రాత్రిళ్లు తలుపు కిర్రుమంటే దయ్యమనీ, బీరువా మూలిగితే అపశకునమనీ భయపెట్టుకునే అలవాటు కూడా మనకుంది. నిజానికి ఆ కిర్రు, బావి గిలక కీచు, బ్లాక్‌బోర్డు మీద చాక్‌పీసు అరుపు, ద్వారం వెంకటస్వామి నాయుడి గారి కమాను కింద పలికిన రాగం, అన్నిటికీ మూలం ఒకటే. పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం. బళ్లో ఘర్షణను 'తప్పనిసరి చెడు' అని చెప్పి వదిలేస్తారు, నాకు అదే బాధ. ఆ పాఠం చెప్పే రోజున క్లాసులోకి ఒక వయొలిన్ తెచ్చి ఒక్క గీత గీయిస్తే చాలు, ఆ మాట ఎవరూ అనరు.

కదలకుండా ఉన్నప్పటి పట్టు, అంటే స్థైతిక ఘర్షణ, జారుతున్నప్పటి ఘర్షణ కంటే ఎక్కువ. రోజిన్ ఆ తేడాను బాగా పెంచుతుంది. చక్రం తీగను పట్టుకుని తనతో లాక్కుపోతుంది, ఒక దశలో తీగ జారి వెనక్కి వస్తుంది, మళ్లీ చక్రానికి చిక్కుతుంది. ఇంతవరకూ చాలామంది చెబుతారు. కానీ ఇంతే అయితే మా మేనకోడలి అనుమానమే నిజం కావాలి. చక్రం రెట్టింపు జోరుగా తిరిగితే తీగ రెట్టింపు త్వరగా సాగి, రెట్టింపు త్వరగా జారి, స్వరం పైకి పోవాలి. పోవడం లేదంటే ఎప్పుడు జారాలో చక్రం నిర్ణయించడం లేదన్నమాట.

నిర్ణయించేది ఒక మూల. 1860ల్లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ తీగకు చిన్న పిండి రేణువు అంటించి, కంపించే కటకం ఉన్న మైక్రోస్కోప్‌లోంచి చూశాడు. కమానుతో వాయించే తీగ మన కంటికి విల్లులా ఉబ్బినట్టు కనిపిస్తుంది గానీ, ఏ క్షణంలో చూసినా అది రెండు తిన్నని గీతలు, వాటి మధ్య ఒక మూల. ఆ మూల తీగ ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి, తిరిగొచ్చి, మళ్లీ వెళుతూ ఉంటుంది.

దీన్ని బస్సుగా ఊహించుకోండి. చక్రం అంచు ఒక బస్సు. చక్రాన్ని తాకే తీగ బిందువు ఒక ప్రయాణికుడు. మూల కండక్టరు. ప్రయాణికుడు బస్సెక్కి దాంతో పాటే పోతుంటాడు. కండక్టరు బ్రిడ్జి (తీగ ఒక చివర ఆనే చిన్న చెక్కముక్క) వైపు వెళ్తూ అతన్ని దాటేటప్పుడు విజిల్ వేస్తాడు, ప్రయాణికుడు దిగి వెనక్కి పరుగెత్తుతాడు. కండక్టరు బ్రిడ్జిని తాకి తిరిగొస్తూ మళ్లీ దాటేటప్పుడు రెండో విజిల్, ప్రయాణికుడు ఎక్కేస్తాడు. అంతే, మళ్లీ మొదలు. బస్సు ఎంత వేగంగా పోయినా విజిళ్ల మధ్య సమయం మారదు, ఎందుకంటే కండక్టరు నడక వేగం తీగ బిగువు మీద, బరువు మీద ఆధారపడుతుంది గానీ బస్సు మీద కాదు. బస్సు జోరైతే ప్రయాణికుడు దిగేలోపు ఇంకొంచెం దూరం పోతాడు. ఆ దూరమే శబ్దం గట్టిదనం. విజిళ్ల లెక్కే స్వరం.

లెక్క వేసి చూపిస్తాను. నా రాగతీగ పొడవు 30 సెంటీమీటర్లు, సెకనుకు 196 కంపనాలకు బిగించాను. మూల పోయి రావడానికి 60 సెంటీమీటర్లు, అది సెకనుకు 196 సార్లు, అంటే గంటకు 420 కిలోమీటర్ల పైచిలుకు వేగం. చక్రం తాకే చోటు బ్రిడ్జికి 3 సెంటీమీటర్ల దూరం, అంటే మొత్తంలో పదో వంతు. కాబట్టి ఒక్కో కంపనంలో పది వంతుల్లో తొమ్మిది వంతుల కాలం తీగ చక్రాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, ఒక వంతు కాలంలో జారుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 25 సెంటీమీటర్లు. సెకనుకు ఒక చుట్టు తిప్పితే తీగ ప్రతిసారీ 1.15 మిల్లీమీటర్లు ముందుకు పోయి, తొమ్మిది రెట్ల వేగంతో వెనక్కి వస్తుంది. రెండు చుట్లు తిప్పితే 2.3 మిల్లీమీటర్లు. సమయం మాత్రం అదే, సెకనులో 196వ వంతు.

మరి నాకు మొదట గీత ఎందుకు వచ్చింది? తీగ చక్రాన్ని ఎంత గట్టిగా ఒత్తుతోందన్న దాంట్లో ఉంది చిక్కంతా. ఒత్తిడి మరీ తక్కువైతే ప్రయాణికుడు విజిల్‌కు ముందే ఫుట్‌బోర్డు మీంచి జారిపోతాడు, అంటే ఒక్కో కంపనంలో రెండుసార్లు జారి పీలగా పైస్థాయి కూత వస్తుంది. మరీ ఎక్కువైతే బస్సు కిక్కిరిసిపోయి విజిల్ వేసినా దిగలేడు, అప్పుడు గరగర. ఈ రెండు హద్దుల మధ్యే స్వరం ఉంటుంది.

ఈ రెంటిలో కింది హద్దును శ్రద్ధగా కొలిచింది మన సి.వి. రామన్. ఆయన చిన్నప్పుడు చదువుకున్నది ఈ విశాఖలోనే. కలకత్తాలో ఆయన ఒక యంత్రం తయారు చేశారు. అందులో కమాను కదలదు, వయొలినే మోటారుతో ముందుకూ వెనక్కూ జరుగుతుంది. మనిషి చేతి వణుకు లేకుండా ఒత్తిడిని, వేగాన్ని విడివిడిగా మార్చి చూడటానికి ఆ ఏర్పాటు. ఆ ఫలితాలు 1920లో అచ్చయ్యాయి. కమాను వేగం పెరిగే కొద్దీ కనీస ఒత్తిడి పెరగాలి, కమాను బ్రిడ్జికి దగ్గరయ్యే కొద్దీ ఇంకా వేగంగా, దూరం వర్గానికి విలోమంగా పెరగాలి.

వయొలిన్ వాయించే చెయ్యి ఇదంతా తెలియకుండానే సర్దుకుంటుంది. హర్డీ గర్డీలో సర్దే చెయ్యి లేదు, చక్రం ఉన్నచోటే ఉంటుంది. పై షడ్జం మీట నొక్కితే పలికే తీగ 15 సెంటీమీటర్లే. బ్రిడ్జి నుంచి చక్రం దూరం అదే 3. పదో వంతు కాస్తా అయిదో వంతైంది. కింది హద్దు నాలుగో వంతుకు పడిపోతుంది, పై హద్దు సగానికి పడిపోతుంది. కింది స్వరానికి సరిపోయిన ఒత్తిడి పై స్వరానికి ఎక్కువై గీసుకుపోతుంది. నాకు మంద్రంలో బాగా పలికి పైకి పోతే గరగరమన్నది ఇందుకే.

దీనికి మందు రెండే, దూది, కాగితం. తీగ చక్రానికి తాకే చోట సన్నగా దూది చుడతారు. అది రోజిన్‌ను పట్టుకుంటుంది, లోహపు గరుకును మెత్తబరుస్తుంది. నేను చుట్టినవన్నీ ఉండలు కట్టి ఊడిపోయాయి. చూసి చూసి అమ్మే వచ్చి కూర్చుంది. వత్తులు చేసే దూది డబ్బా తెచ్చుకుని, గింజ నలుసు లేకుండా ఏరి, రెండు వేళ్ల మధ్య పొగలాంటి పొర లాగి, వేలి కొస కొంచెం తడిచేసుకుని తీగను ఆ పొరకు తాకించి, "నువ్వు తిప్పరా మెల్లగా" అంది. చక్రం తిరుగుతుంటే దూది తనంతట తనే తీగకు చుట్టుకుంది, రెండు సెంటీమీటర్ల మేర, వెంట్రుకంత మందాన. ఆ తర్వాత బ్రిడ్జి గాట్లో తీగ కింద క్యాలెండర్ కాగితం ముక్క పెట్టాను. కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు. తీగ అంత పైకి లేచేసరికి ఒత్తిడి తగ్గి, పై షడ్జం గరగర వదిలి నిండుగా పలికింది. రెండో ముక్క పెడితే మంద్రం పీలబడింది, తీసేశాను.

నా కిట్‌లో లేనిది ఒకటుంది. వీణ బ్రిడ్జిని మనవాళ్లు గుర్రం అంటారు, ఫ్రెంచివాళ్ల హర్డీ గర్డీలో ఒక తీగ కింద ఉండే చిన్న బ్రిడ్జి పేరు కుక్క. దానికి ఒక కాలు గట్టిగా కూర్చుని ఉంటుంది, ఇంకో కాలు పలకను ఊరికే తాకుతుంది. హ్యాండిల్‌ను మణికట్టుతో చటుక్కున కుదిపితే ఆ క్షణానికి తీగ ఊపు పెరిగి, ఆ కాలు ఎగిరెగిరి పలకను కొట్టి జుర్రుమంటుంది. తాళం అలా వేస్తారు. బస్సు లెక్కలో ఇది సూటిగా ఒదుగుతుంది, వేగం కుదిపితే దూరం పెరుగుతుంది, స్వరం కదలదు, కుక్క మాత్రం మొరుగుతుంది. ఇప్పుడు పాత స్కేలు చెక్కతో ఆ కుక్కను చెక్కుతున్నాను. మేనకోడలు ఫోన్ చేసినప్పుడల్లా అది మొరిగిందా లేదా అని అడుగుతోంది. ఇంకా లేదు, కాలు పావు మిల్లీమీటరు పొడవుంది.