నడుం నొప్పంటే కిడ్నీ పోయినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

గుంటూరులో యూరాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఎండలు ముదిరాయంటే మా ఓపీలో కిడ్నీ రాళ్ల కేసులు పెరుగుతాయి, వాటితో పాటే భయాలూ పెరుగుతాయి. రోజూ వినేవి కొన్ని రాస్తున్నాను.

"నడుం నొప్పిగా ఉంది సార్, కిడ్నీలు పోయాయేమో" అంటూ చాలామంది చెయ్యి పెట్టి చూపించేది మొలతాడు కట్టుకునే చోట. కిడ్నీలు అక్కడ ఉండవండి. ఇంకా పైన, వెన్నెముకకు అటూ ఇటూ, చివరి పక్కటెముకల చాటున ఉంటాయి. వంగితే పెరిగి పడుకుంటే తగ్గే నొప్పి ఎక్కువగా కండరాలదో వెన్నుపూసలదో అయి ఉంటుంది. రాయి నొప్పి అలా కాదు, డొక్కలో మొదలై గజ్జల దాకా పాకుతుంది, వాంతులవుతాయి, ఎటు తిరిగి పడుకున్నా కుదురు ఉండదు. నాకు బాధ కలిగించేది ఏంటంటే, కిడ్నీ జబ్బే లేని మనిషి ఈ నడుం నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగుతాడు. ఆ బిళ్లలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గించగలవు. చెమటలు పట్టి ఒంట్లో నీరు తగ్గిన రోజుల్లో, షుగరో బీపీయో ఉన్నవాళ్లకు అది ఇంకా ప్రమాదం.

అపోహ: కొండపిండాకు కషాయం తాగాను, నొప్పి పోయింది, అంటే రాయి కరిగిపోయింది.

కిడ్నీ నుంచి మూత్రసంచికి మూత్రం తెచ్చే గొట్టం దాదాపు 25 సెంటీమీటర్ల పొడవు, లోపలి దారి మూడు నాలుగు మిల్లీమీటర్లే. మూత్రం అందులో ఊరికే కిందికి జారిపోదు, గొట్టం గోడల్లోని కండరాలు అలలు అలలుగా ముడుచుకుంటూ దాన్ని తోస్తాయి. రాయి అడ్డుపడితే వెనక ఒత్తిడి పెరుగుతుంది, ఆ భరించలేని నొప్పి అందుకే. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి, ఏ ఆకు తాగినా తాగకపోయినా. చిక్కెక్కడంటే, రాయి అక్కడే ఇరుక్కుని ఉన్నా కొన్నాళ్లకు నొప్పి ఆగిపోవచ్చు. మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒకాయనకు రెండేళ్ల క్రితం అలాగే నొప్పి వచ్చి పోయిందట, మళ్లీ ఏ ఇబ్బందీ లేదట. వేరే దేనికో తీయించిన స్కానింగ్‌లో చూస్తే ఎడమ కిడ్నీ నీటి బుడగలా ఉబ్బి ఉంది, పనిచేసే భాగం పలచని పొరలా మిగిలింది, రాయి మాత్రం గొట్టంలో అలాగే ఉంది. అప్పట్లోనే ఒక్క స్కానింగ్ తీయించుకుని ఉంటే ఆ కిడ్నీ దక్కేదేమో, ఇప్పటికీ నా మనసులోంచి పోదు. కాబట్టి నొప్పి తగ్గాక కూడా రాయి పడిందో లేదో చూపించుకోండి.

టమాటా గింజలు రాళ్లవుతాయనేది ఉత్త మాట. గింజ పేగుల్లోంచి బయటికే పోతుంది, దానికి కిడ్నీలోకి దారి లేదు. రాళ్లున్నాయని పాలు, పెరుగు మానేయడమూ తప్పే, తిండిలోని కాల్షియం పాలకూర లాంటి వాటిలోని, రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది. తగ్గించాల్సింది ఉప్పు. ఆవకాయ, ఊరమిరపకాయలు మనకు ఎంత ఇష్టమైనా సరే.

అపోహ: మూత్రం మంటగా వస్తోంది, వేడి చేసింది.

నీళ్లు చాలక మూత్రం చిక్కబడి మండితే నీళ్లతో తగ్గుతుంది. చలి జ్వరం, మాటిమాటికీ రావడం, రక్తం కనపడటం ఉంటే అది వేడి కాదు, ఇన్ఫెక్షన్ కావచ్చు, పరీక్ష చేయించాలి. ఆడవాళ్లకు మూత్రం బయటికి వచ్చే దారి 4 సెంటీమీటర్లే, మగవాళ్లకు 20 దాకా ఉంటుంది, అందుకే క్రిములు ఆడవాళ్లకు తేలిగ్గా పైకి ఎక్కుతాయి. మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లే అమ్మలు కొందరు, అక్కడ బాత్రూమ్ లేదని పొద్దుటి నుంచి అసలు నీళ్లు తాగం అని చెబుతారు. అమ్మా, దయచేసి నీళ్లు మానెయ్యకండి. పని చేయించేవాళ్లూ తలుపున్న బాత్రూమ్ ఒకటి కట్టించండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట: "మూత్రం బాగానే వస్తోంది, నా కిడ్నీలకేం?" కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడగట్టి, అందులో 99 శాతం తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నరో రెండో బయటికి వదులుతాయి. దెబ్బతింటున్న కిడ్నీ ఆ వెనక్కి లాగే పని సరిగా చేయలేదు, అందుకే మూత్రం తగ్గకపోగా రాత్రిళ్లు లేచి వెళ్లాల్సి వస్తుంది. రక్తపరీక్షలో చూసే క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) కూడా దాదాపు సగం పనితనం పోయేదాకా నార్మల్‌గానే కనపడొచ్చు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారి క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్ష కూడా అడిగి చేయించుకోండి. మూత్రంలో నురగ ఎక్కువగా వచ్చి ఎంతసేపటికీ పోవట్లేదంటే ఏడాది దాకా ఆగొద్దు.