డిగ్రీ సిలబస్ రాసేది ఎవరు, ఎప్పట్నుంచి ఇలా?

మొన్న మా కాలేజీలో హిస్టరీ పిల్లల కోసం హైదరాబాద్ నగర చరిత్ర అని కొత్త పేపర్ పెడదామని కూర్చున్నాం, నాలుగు యూనిట్లు రాయడానికి మూడు మీటింగులు పట్టింది. మాది అటానమస్ కాలేజీ, అంటే సిలబస్ మేమే రాసుకోవచ్చు, కాబట్టి ఆ మాత్రం వీలుంది. యూనివర్సిటీ కింద నడిచే మామూలు అఫిలియేటెడ్ కాలేజీలో ఏళ్ల తరబడి అదే పేపర్ చెప్తున్న మేడమ్ ఉన్నా సరే, అందులో ఒక్క టాపిక్ కూడా ఆవిడ తనంతట తాను మార్చడానికి వీల్లేదు, యూనివర్సిటీ ఏది పంపితే అదే చెప్పాలి. ఇదెందుకిలా అయిందో చూడాలంటే చాలా వెనక్కెళ్లాలి.

1854లో వుడ్స్ డెస్పాచ్ అని ఇంగ్లండ్ నుంచి ఒక పత్రం వచ్చింది, లండన్ యూనివర్సిటీ లాంటివి ఇక్కడా పెట్టండి అని. అప్పట్లో లండన్ యూనివర్సిటీ పాఠాలు చెప్పేది కాదు, పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చేదంతే. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు అదే పద్ధతిలో వచ్చాయి. పాఠం ఒకచోట, పరీక్ష ఇంకోచోట. ఎక్కడెక్కడో ఉన్న కాలేజీలన్నిటికీ ఒకటే పరీక్ష పెట్టాలంటే సిలబస్ కూడా ఒకటే ఉండాలి కదా, పాఠం చెప్పేవాళ్ల చేతిలోంచి సిలబస్ జారిపోయింది అక్కడే అని నా నమ్మకం. మన ఊరు కూడా తప్పించుకోలేదు. 1887లో పెట్టిన నిజాం కాలేజీకి అఫిలియేషన్ మద్రాసుతో, అంటే బషీర్‌బాగ్‌లో పిల్లలు ఏం చదవాలో మద్రాసులో తేలేది. అది ఉస్మానియాలో కలిసింది 1947లో.

ఈ మధ్యలో ఉస్మానియాలో జరిగింది మాత్రం చాలా పెద్ద పని, దాన్ని తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1918లో ఉర్దూ మీడియంలో యూనివర్సిటీ అన్నారు, మరి పుస్తకాలేవి? అందుకని ముందే, 1917లోనే, దారుల్ తర్జుమా అని అనువాదాల ఆఫీసు పెట్టి మౌల్వీ అబ్దుల్ హక్‌కి అప్పజెప్పారు, సైన్సు, చరిత్ర, న్యాయశాస్త్రం అన్నీ ఉర్దూలోకి తెచ్చారు, లేని మాటలకి కూర్చుని కొత్త మాటలు తయారు చేశారు. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషొచ్చింది, అంత శ్రమా అల్మారాల్లోకి వెళ్లిపోయింది.

మళ్లీ అదే పని తెలుగులో చేయాల్సొచ్చింది. 1968లో తెలుగు అకాడమీ పెట్టారు, పీవీ నరసింహారావు గారు మొదటి ఛైర్మన్. మా అమ్మ తెలుగు మీడియంలో డిగ్రీ చేసింది ఆ పుస్తకాలతోనే, ఇంటినిండా అవే ఉండేవి. అవి లేకపోతే ఊళ్లనుంచి వచ్చిన ఎంతమంది డిగ్రీ దాకా వచ్చేవాళ్లు చెప్పండి. కాకపోతే ఒకటి, సిలబస్ మారిస్తే పుస్తకం మార్చాలి, పుస్తకం మారాలంటే ఏళ్లు పడుతుంది, దాంతో సిలబస్ ముట్టుకోవాలంటేనే భయం పట్టుకుంది అందరికీ.

అటానమస్ అన్న ఆలోచన చదువుల మీద కేంద్రం వేసిన కొఠారి కమిషన్ (1964-66) చెప్పింది, యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 1978లో స్కీమ్ పెట్టింది. అలాంటి కాలేజీలో బోర్డ్ ఆఫ్ స్టడీస్, అంటే సిలబస్ తయారుచేసే కమిటీ, మనదే, డిపార్ట్‌మెంట్ వాళ్లం అందరం ఉంటాం, బయట్నుంచి ఎక్స్‌పర్టులు, యూనివర్సిటీ వీసీ నామినేట్ చేసినాయన, పాత స్టూడెంట్ ఒకరు. 2016లో తెలంగాణ డిగ్రీలోకి సీబీసీఎస్ (పిల్లలు కొన్ని పేపర్లు ఎంచుకునే క్రెడిట్ పద్ధతి) వచ్చాక అంతా క్రెడిట్ల లెక్క, వారానికి ఒక గంట లెక్చర్ అయితే ఒక క్రెడిట్, ప్రాక్టికల్ అయితే రెండు గంటలు.

మా మీటింగులో మూడో యూనిట్ 1908 మూసీ వరద. సెప్టెంబర్ 28న నది ఊరి మీద పడటం, తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించడం, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టడం. మా క్లాసులో సగం మంది మూసీ పక్క బస్తీల పిల్లలే, వాళ్లకిది ఇంటి కథ. బయట్నుంచి వచ్చిన సార్ అంతా విని మెచ్చుకుని, "బాగుందమ్మా, టెక్స్ట్‌బుక్ ఏది?" అన్నారు. ఆయన మంచాయనే, ఆ ప్రశ్న ఆయనది కాదు, 1857 నాటిది. ఒకే పుస్తకం లేదు సార్ అని చెప్పి, అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో వరదప్పుడు జనం ఎక్కి ప్రాణాలు కాపాడుకున్న చింతచెట్టు ఉంది కదా, అక్కడికి ఫీల్డ్ విజిట్, రెండు గంటలు, అని రాయించాం. పరీక్షలో దాన్నెలా అడగాలన్నది వచ్చే మీటింగుకి పెట్టుకున్నాం.