బొటనవేలికీ నేలకీ మధ్య పదిహేను మిల్లీమీటర్లు

"మెల్లగానే నడుస్తున్నాను కదరా, అయినా కాలెందుకు తగిలింది?" అని అడిగింది మా పెద్దమ్మ. గుంటూరు బ్రాడీపేటలో వాళ్లింటి ముందు ఒక టైలు మూల ఆరు మిల్లీమీటర్లు లేచి ఉంటుంది, స్కేలు పెట్టి కొలిచాను. రోజూ దాటేదే. పక్కింటావిడ మాత్రం అపశకునం, కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లమంది. కాసేపు కూర్చోవడం మంచిదే, కారణం మాత్రం అది కాదు.

గాల్లో ముందుకెళ్లే పాదం రెండో కాలిని దాటేటప్పుడు నేలకు బాగా దగ్గరగా వస్తుంది, అప్పుడే దాని వేగం దాదాపు గరిష్ఠం. ఆ ఎత్తు ఒకటి రెండు సెంటీమీటర్లే! సగటున 15 మిల్లీమీటర్లు అనుకుందాం. ప్రతి అడుగుకీ కాస్త అటూ ఇటూ అవుతుంది. ఆ తేడాల స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటు నుంచి మామూలుగా ఎంత దూరం చెదురుతాయో చెప్పే కొలత, 3 మి.మీ. అయితే, గంట ఆకారపు గ్రాఫ్ లెక్కన, ఆ టైలు ఎత్తు ఆరు మి.మీ. కంటే కిందికి దిగే అడుగు 740కి ఒకటి. సగటు అలాగే ఉంచి డీవియేషన్‌ని 4.5 చేయండి, 44కి ఒకటి! సగటు ఎత్తు ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గలేదు, ప్రమాదం మాత్రం దాదాపు 17 రెట్లు. బళ్లో ఈ స్టాండర్డ్ డీవియేషన్‌ని మార్కుల పట్టికతో బట్టీ పట్టిస్తారు, పిల్లల్ని గ్రౌండులో నడిపించి చెబితే జన్మలో మరిచిపోరు.

ఇక వేగం సంగతి. ఒకే పాదం నేలను తాకిన క్షణం నుంచి మళ్లీ తాకేదాకా పట్టే సమయం సుమారు ఒక సెకను. అలవాటైన వేగంలో ఆరోగ్యవంతులకి అందులో అడుగు అడుగుకీ వచ్చే తేడా 1 నుంచి 3 శాతం. మరీ మెల్లగా నడిస్తే ఆ తేడా పెరుగుతుంది, ఎందుకంటే ఒంటికాలి మీద నిలిచే సమయం ఎక్కువవుతుంది, లోలకంలా ఊగే ఊపు తగ్గి ప్రతి అడుగునీ కండరాలే సర్దుకోవాలి. అంటే పెద్దమ్మ జాగ్రత్తే ఆమె అడుగుల్ని నిలకడ తప్పించి ఉండొచ్చు.

2001లో నడకని పరిశోధించే జెఫ్రీ హౌస్‌డార్ఫ్ బృందం 52 మంది వృద్ధుల్ని ఏడాది పాటు గమనించింది. తర్వాత పడిపోయినవాళ్లలో మొదట కొలిచిన ఈ సమయపు తేడా సగటున 106 మిల్లీసెకన్లు, పడనివాళ్లలో 49. నడక వేగంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ తేడాని కొలవాలంటే ట్రెడ్‌మిల్ వద్దు, బెల్టు వేగం మారదు కాబట్టి అడుగుల్ని అదే సర్దేస్తుంది. వరండాలో అటూ ఇటూ తిరిగినా కుదరదు, మలుపు దగ్గర ప్రతిసారీ లయ తప్పుతుంది. అందుకే పెద్దమ్మని పొద్దున్నే ఖాళీగా ఉన్న రోడ్డు మీద, తన మామూలు వేగంతో, తిన్నగా నడిపించాను. టైలు మూల సరిచేయించాకే.