ఎర్ర బిళ్లలో ఇనుమెంత?

శ్రీకాకుళం

చిరంజీవులకు ఆశీస్సులు.

మాత్రల అట్ట వెనక “రెడ్ ఆక్సైడ్ ఆఫ్ ఐరన్” అని చదివి, ఇది రక్తం పట్టడానికా అని అడిగారు. కాదర్రా, రంగుకి. “రంగులు” అన్న మాట పక్కన రాసినవేవీ జబ్బు మీద పనిచెయ్యవు.

మన గోడల జేగురుకి ఎరుపు ఇచ్చేది కూడా ఈ ఆక్సైడే. మందుల్లో ఎరుపు, పసుపు, నలుపు రకాలు వాడతారు. పసుపు దాంట్లో నీరు ఇమిడి ఉంటుంది, బాగా కాలిస్తే అది పోయి ఎర్రబడుతుంది. అలాగని తవ్విన జేగురు మందులో కలపరు. మట్టితో పాటు సీసం, ఆర్సెనిక్ రావచ్చు. కంపెనీలో తయారైందే వాడాలి. అందులోనూ సీసం పదిలక్షల్లో 10 పాళ్లు, ఆర్సెనిక్ 3 పాళ్లు దాటకూడదని అమెరికా నిబంధన.

ఇక లెక్క. గీత ఉన్న పూత మాత్రని ఇంట్లో సగం చేసినప్పుడు చూడండి, చాలావాటికి రంగు పైతోలు మందమే. 500 మిల్లీగ్రాముల మాత్రకి 3 శాతం పూత అంటే 15 మిల్లీగ్రాములు. అందులో ఎర్ర ఆక్సైడ్ 1 మిల్లీగ్రాము అనుకుంటే, ఇనుము 0.7. అదీ నీళ్లలో కరగదు, కాబట్టి ఒంటికి పట్టేది లేనట్టే. మీకు బడిలో వారానికోసారి ఇచ్చే నీలం బిళ్లలో మాత్రం 60 మిల్లీగ్రాములు! బిళ్లని ఎర్రబరిచే ఇనుము రక్తం పట్టించదు, మీకు పట్టించేదేమో నీలం బిళ్లలో ఉంటుంది.

కరగకపోవడమే దీని గొప్ప. చెమట చేతికి రంగు అంటదు, ఎండకి వెలవదు. బీపీకి వాడే నిఫెడిపిన్ లాంటి మందు వెలుతురు తగిలితే పాడవుతుంది, దానికి ఈ పూత గొడుగు.

రేపు మీలో ఎవరైనా పైడిభీమవరం వైపు ఏ మందుల కంపెనీలోనో కోటింగ్‌లో చేరితే, కరగని రంగుతో వచ్చే తిప్పలు తెలుస్తాయి. పూత ద్రవాన్ని కలుపుతూ ఉండకపోతే రంగు అడుక్కి దిగిపోతుంది, స్ప్రే గన్ మూతి పూడుతుంది, ఒకే బ్యాచ్‌లో బిళ్లకో ఛాయ. తడి ఎక్కువైతే బిళ్లలు ఒకదానికొకటి అంటుకుని, విడిపోయేటప్పుడు పూత ఊడి తెల్లమచ్చ పడుతుంది. గాలి మరీ వేడైతే తుంపర దారిలోనే ఆరిపోయి, బిళ్ల గరుగ్గా తేలుతుంది.

నీలం బిళ్ల అన్నం తిన్నాకే మింగండి, వెంటనే టీ తాగకండి. మర్నాడు విరేచనం నల్లగా వస్తే కంగారొద్దు, ఒంటికి పట్టని ఇనుము అలాగే పోతుంది.

మీ తాతయ్య