సర్వే ఇంటర్న్‌షిప్: అపోహలు - వాస్తవాలు

ప్రైవేటుగా భూముల సర్వే చేస్తుంటాను. ఎక్కువ పని ఖమ్మం, ఎన్టీఆర్ జిల్లాలు కలిసే ఊళ్లలో. ఏటా వేసవిలో సివిల్ డిప్లొమా, బీటెక్ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కు వస్తారు. కాలేజీలో సీనియర్లు చెప్పిన మాటలు కొన్ని మోసుకొస్తారు. ఏటా దాదాపు అవే మాటలు.

అపోహ: రోవర్ ఉంటే చాలు, గొలుసు లెక్కలు ఇప్పుడెందుకు?

మనం నిలబడ్డ చోటు ఎక్కడో రోవర్ (ఉపగ్రహ సిగ్నళ్లతో పనిచేసే సర్వే పరికరం) సెంటీమీటర్లలో చెప్తుంది. హద్దు ఎక్కడుందో మాత్రం దానికి తెలియదు. అది ఆంధ్ర వైపు ఎఫ్ఎంబీలో (సర్వే నంబర్ల కొలతల పటాల పుస్తకం), తెలంగాణ వైపు టిప్పన్‌లో (అలాంటిదే పాత కొలతల పటం) ఉంటుంది. పాత ఎఫ్ఎంబీలో కొలతలు లింకుల్లో కనిపిస్తాయి. 66 అడుగుల గొలుసుకు 100 లింకులు, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. సరిహద్దు దాటితే లెక్క గుంటల్లోకి మారుతుంది. అటూ ఇటూ 33 అడుగులుంటే ఒక గుంట, అంటే 121 గజాలు. ఎకరానికి 100 సెంట్లైనా 40 గుంటలైనా విస్తీర్ణం ఒకటే. ఇవి నోటికి రానివాళ్లు రైతు అడిగిన మొదటి ప్రశ్నకే ఫోన్ తీసి వెతుక్కుంటారు.

కాగితం చదవడం వచ్చాక అసలు పని మొదలవుతుంది. పాత సర్వే రాయి దొరకాలి. కొన్ని మట్టిలో కూరుకుపోయి ఉంటాయి, కొన్నిటిని ట్రాక్టర్ లేపేసి ఉంటుంది, ఒక్కోటి బావి దగ్గర బట్టలు ఉతికే బండగా తేలుతుంది. రాయి కనబడగానే నమ్మడానికి లేదు. రెండు రాళ్లు దొరికితే వాటి మధ్య దూరం రికార్డుతో సరిపోతోందా చూడాలి. తేడా వస్తే ఆ రెంట్లో ఏది కదిలిందో తేల్చడానికి మూడోది వెతకాలి. మూడు ఊళ్లు కలిసే చోట పాతిన రాయి దొరికిన రోజు మా అందరికీ పండగే. ఏ రాయిని నమ్మాలో, దేన్ని వదిలేయాలో పక్కన ఉండి చూడటమే ఇంటర్న్‌షిప్‌లో విలువైన భాగం.

అపోహ: ఫోన్ యాప్‌తో కూడా పొలం కొలవొచ్చు.

సుమారుగా విస్తీర్ణం తెలుసుకోవడానికి పనికొస్తుంది. హద్దు పెట్టడానికి పనికిరాదు. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ జీపీఎస్ మూడు నుంచి అయిదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. వంద మీటర్ల గట్టు పొడవునా అయిదు మీటర్లు జరిగితే 12 సెంట్లకు పైనే. తలలు పగలడానికి అది చాలు.

అపోహ: డ్రోన్లు వచ్చేశాయి, నేల మీద పని అయిపోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు వాడారు, కార్స్ స్టేషన్లు (రోవర్లకు సవరణ పంపే స్థిర కేంద్రాలు) పెట్టారు. అయినా డ్రోన్ ఫోటోలు పట్టుకుని మనుషులు మళ్లీ పొలాలకు వెళ్లి, రైతుల్ని నిలబెట్టి సరిచూడాల్సి వచ్చింది. మామిడితోటలో ఆకుల కింద గట్టు పైనుంచి కనబడదు. ఇద్దరు అన్నదమ్ములు గట్టు వేసుకోకుండా పంచుకున్న భూమి కూడా అంతే. ఇంకో మాట: డ్రోన్ ఎగరేయిస్తామని ఆశపెట్టే ఇంటర్న్‌షిప్‌లున్నాయి. 2021 నిబంధనల ప్రకారం వ్యాపార పనికి డ్రోన్ ఎగరేయాలంటే, మరీ బుల్లి నానో డ్రోన్‌కు తప్ప, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. అది ఇంటర్న్‌షిప్‌తో చేతికి రాదు.

అపోహ: ప్రిజం పట్టుకుని నిలబెడతారు, ఏమీ నేర్పరు.

ఇది సగం నిజం. అందుకే కాస్త వివరంగా చెప్తాను. ప్రిజం అంటే పోల్ చివర ఉండే గాజు, కొలిచే మెషిన్ పంపిన కాంతిని తిప్పి దానికే పంపుతుంది. ఏ మలుపు దగ్గర పాయింట్ తీయాలి, దేన్ని వదిలేయొచ్చు అన్నది చాలావరకు ప్రిజం పట్టుకున్న మనిషి చేతిలోనే ఉంటుంది. రెండు మీటర్ల పోల్ రెండు డిగ్రీలు వాలిందంటే పైన ప్రిజం ఏడు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే ఆ మెషిన్) ఎంత ఖరీదైనదైనా ఆ తప్పును తప్పు అని చెప్పదు. ప్రిజం మార్చి, దానికి తగ్గట్టు మెషిన్‌లో పెట్టాల్సిన సవరణ అంకె, అంటే కాన్‌స్టెంట్, మార్చడం మరిచిపోతే ప్రతి దూరంలోనూ మూడు సెంటీమీటర్ల వరకు తేడా వచ్చి కూర్చుంటుంది. అందుకే మొదటి వారం, పోల్ నిటారుగా ఉందో లేదో చెప్పే బుడగ చూడటమే పని. విసుగొస్తుంది, రానివ్వండి.

రెండో వారం దాటినా అదే పనిలో ఉంచితే మాత్రం అడగాలి: స్టేషన్ సెట్ చేయడం, బ్యాక్‌సైట్ ఇవ్వడం (తెలిసిన పాయింట్ వైపు చూసి మెషిన్‌కు దిశ చెప్పడం), సాయంత్రం డేటా దింపడం మాకెప్పుడు చూపిస్తారని. అడిగితే చిరాకుపడే చోట ఊరికే కూలి చేయించుకుంటున్నారని అర్థం. అలాంటి చోట్లు తక్కువేం కాదు.

డేటా దింపేటప్పుడు పిల్లలు ఎక్కువగా ఇరుక్కునే సంగతి ఒకటుంది. మెషిన్ చాలాసార్లు ముందు నార్తింగ్ (ఉత్తరం వైపు దూరం), తర్వాత ఈస్టింగ్ (తూర్పు వైపు దూరం) ఇస్తుంది. పటం గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌కు ముందు ఈస్టింగ్ కావాలి. తిప్పి ఇవ్వకపోతే పొలం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. యూటీఎం జోన్ (కొలతల కోసం భూగోళాన్ని నిలువు పట్టీలుగా విడదీసి ఇచ్చిన నంబరు) కూడా అంతే. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం 44లో ఉన్నా, తాండూరు, నారాయణపేట, అనంతపురం వైపు 43. తప్పు జోన్ పెడితే పాయింట్లు వందల కిలోమీటర్ల అవతల పడతాయి. అంత దూరం పడితే నయమే, వెంటనే దొరికిపోతుంది.

అపోహ: ఫీల్డ్ బుక్ నీట్‌గా ఉండాలి.

కాలేజీ రికార్డు నీట్‌గా ఉండాలి. ఫీల్డ్ బుక్‌లో రబ్బరు వాడకూడదు. తప్పు అంకె మీద ఒక గీత గీసి పక్కన సరైనది రాయాలి. రేపు ఎవరైనా అడిగితే ముందు ఏం చదివామో కూడా కనబడాలి. లెవెలింగ్ (ఎత్తులు కొలవడం) చేసిన రోజు బ్యాక్‌సైట్ల (మెషిన్ పెట్టిన ప్రతిసారీ తీసే మొదటి రీడింగ్) మొత్తంలోంచి ఫోర్‌సైట్ల (అక్కడి చివరి రీడింగ్) మొత్తం తీసేసి, మొదటి, చివరి ఆర్ఎల్‌ల (పాయింట్ల ఎత్తులు) తేడాతో సరిపోయిందా అక్కడే చూసుకోవాలి, బస్సెక్కాక కాదు.

అపోహ: సర్వేయర్ చెప్పిందే తీర్పు.

రికార్డు ప్రకారం హద్దు ఎక్కడొస్తుందో సర్వేయర్ చూపిస్తాడు. భూమి ఎవరిది అన్న గొడవ ఉంటే అది సివిల్ కోర్టులో తేలాలి. ఈ తేడా ఇంటర్న్‌లకు ఎందుకంటే, రైతులు ముందు వాళ్లనే అడుగుతారు. "బాబూ, రాయి ఎవరి వైపు పడింది?" అని మెల్లగా పక్కకు పిలుస్తారు. "సార్ లెక్క చూసి చెప్తారు పెద్దాయనా" అనడమే సరైన జవాబు. స్క్రీన్ మీద చూసింది చూసినట్టు చెప్పేస్తే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది, ఆఫీసులో లెక్క పూర్తయ్యేసరికి జవాబు మారినా ఎవరూ నమ్మరు.

అపోహ: ఈ పని ఆడపిల్లల వల్ల కాదు.

ఆంధ్రలో సచివాలయాల గ్రామ సర్వేయర్లలో ఎంతోమంది మహిళలు. అసలు ఇబ్బంది పొలాల దగ్గర బాత్రూమ్ లేకపోవడం, సాయంత్రం తిరిగి వచ్చే బండి. ఆ రెండూ పనిచేయించుకునేవాళ్లు చూడాల్సినవి.

అపోహ: సర్టిఫికెట్ వస్తే సర్వేయర్ అయిపోయినట్టే.

తెలంగాణ ప్రభుత్వం 2025లో లైసెన్స్‌డ్ సర్వేయర్ల కోసం విడిగా దరఖాస్తులు తీసుకుని, శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టింది. మా దగ్గర నెలరోజులు తిరిగిన కాగితం దానికి బదులు కాదు. ఇంటర్న్‌షిప్‌ను అప్రెంటిస్‌షిప్‌తో కూడా కలపకండి. అప్రెంటిస్‌షిప్‌కు 1961 నాటి చట్టముంది, రాతపూర్వక ఒప్పందం, స్టైపెండ్ ఉంటాయి. ఇంటర్న్‌షిప్‌లో డబ్బు సంగతి మాట్లాడుకున్నంతే. కాబట్టి చేరే ముందే బస్సు ఛార్జీలు, మధ్యాహ్నం భోజనం ఎవరివో, కాలేజీ లాగ్‌బుక్‌లో వారం వారం ఎవరు సంతకం పెడతారో అడిగి తేల్చుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పొలాలు ఖాళీగా ఉంటాయి కాబట్టి మా పనంతా అప్పుడే. పొద్దున ఆరింటికల్లా పొలంలో ఉండాలి. ఎండ ముదిరాక లెన్స్‌లో స్టాఫ్ (ఎత్తులు చదివే కొలకర్ర) మీది అంకెలు అలల్లా కదులుతుంటే చదవలేం.